పూజ చేసిన బాయిలర్

వంటశాల వైపు నుంచి చెప్పుల చప్పుడు వినబడగానే సుమలత స్టూలు మీద నుంచి దిగింది. తన చేతిలోని స్క్రూ డ్రైవర్ ప్రదీప్ చేతిలో పెట్టి, అతని దగ్గరున్న వైరు చుట్ట తాను తీసుకుంది. ప్రదీప్ స్టూలు ఎక్కి, బాయిలరు పైనున్న గొట్టం వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. ఒక్క మాట లేకుండా ఇదంతా జరిగిపోయింది. ఏడాదిగా భార్యాభర్తలిద్దరికీ అలవాటైన పని అది.

వచ్చింది హాస్టల్ వార్డెన్ ఎస్తేరు మేడం. షెడ్డు గుమ్మంలోనే ఆగి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. లోపల గ్యాసు వాసన, కొత్త రంగు వాసన కలిసి ఉన్నాయి.

"అయితదా ప్రదీప్, ఇయ్యాల?"

"అయిపోతది మేడం. రేపు చరణ్ సార్ వచ్చి నడిపిచ్చి చూపెడ్తడు."

"పిల్లలు నా పానం తీస్తున్నరయ్యా. పొద్దున లేస్తే, వేన్నీళ్లెప్పుడు మేడం, వేన్నీళ్లెప్పుడు మేడం. ఈ చలికి ట్యాంకు నీళ్లు మీద పోసుకొని సగం మంది దగ్గుతున్నరు." ఆమె సుమలత వైపు తిరిగింది. "నువ్వు గూడ రోజూ వస్తున్నవ్. ఇంటికాడ పనెవరు చేస్తరమ్మా?"

"చేసే వచ్చిన మేడం."

"మొగనికి మంచి హెల్పర్ దొరికింది" అని నవ్వి ఆమె వెళ్లిపోయింది.

చెప్పుల చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా ప్రదీప్ గొట్టాన్ని తడుముతూనే ఉన్నాడు. తర్వాత మెల్లగా, కాలితో స్టూలు అంచు వెతుక్కుంటూ దిగాడు. స్క్రూ డ్రైవర్ మళ్లీ సుమలత చేతికి వచ్చింది. ఆమె మోకాలు పట్టుకుని స్టూలు ఎక్కింది.

రేగొండ దాటాక రోడ్డు పక్కనే ఉన్న ఆడపిల్లల హాస్టల్ అది. ఇన్నాళ్లూ వేడినీళ్లంటే కట్టెల పొయ్యి మీద పెద్ద డేగిసాలు, అదీ జ్వరం వచ్చిన పిల్లలకు మాత్రమే. ఈ చలికాలానికి ఎవరో దాతలు మూడు గ్యాసు బాయిలర్లు ఇచ్చారు. వంటశాల వెనక రేకుల షెడ్డులో మూడింటినీ వరుసగా నిలబెట్టారు. మూడింటి నుంచి వచ్చే వేడినీళ్లు ఒకే పెద్ద గొట్టంలో కలిసి, మేడ మీది ట్యాంకుకు వెళ్తాయి. ఏ బాయిలరు ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో గోడకున్న ప్యానెల్ డబ్బా చూసుకుంటుంది. ఉమ్మడి కుటుంబంలో కోడళ్లకు వంతులు వేసినట్టు, ఒకరోజు ఒకటి ముందు మొదలుపెడితే మరునాడు ఇంకొకటి. ఒక్కటి చాలకపోతే రెండోది, రెండూ చాలకపోతే మూడోది. అయితే డబ్బాకు ఇదంతా తెలియాలంటే ప్రతి బాయిలరు దగ్గరా, ఉమ్మడి గొట్టం మీదా, ట్యాంకులోనూ వేడిని చూసే సెన్సర్ ఒక్కొక్కటి ఉండాలి. పెన్ను రీఫిల్లంత ఉంటుంది అది. గొట్టంలో దాని కోసం విడిచిన చిన్న గుంటలో తెల్లటి పేస్టు పూసి దాన్ని దూర్చి, దాని వైరును డబ్బా దాకా లాగి, సరైన నెంబరు కింద బిగించాలి. బర్నర్ల కరెంటు వైర్లు బాయిలర్లు తెచ్చినవాళ్లే బిగించి వెళ్లారు. సెన్సర్ల వైర్లు ప్రదీప్ పని.

ప్రదీప్ పని అంటే సుమలత పని.

అతనికి షుగర్ ఉంది. మొదట టీవీలో అక్షరాలు అలికినట్టు కనబడుతున్నాయన్నాడు. తర్వాత చూపు మధ్యలో ఒక నల్లటి మచ్చ కూర్చుంది. హన్మకొండ కంటి దవాఖానలో కంట్లోకే సూదులు వేశారు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలుపుకుందాం అని డాక్టరమ్మ చెప్పింది. మనుషుల ఆకారాలు తెలుస్తాయి, దారి తెలుస్తుంది. ఎర్ర వైరు, నల్ల వైరు ఒక్కలాగే ఉంటాయి. స్క్రూ తల మీది గీత అసలే కనబడదు. ఆ సంగతి బయట పడితే పని ఎవరిస్తారు? ఇరవై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లలో 'కరెంటు ప్రదీప్' అంటే ఒక పేరు ఉంది. అందుకే మొదట్లో సుమలత వైర్లు అందించడానికని వెంట వచ్చింది. అతను నోటితో చెప్పేవాడు, ఆమె చేసేది. మానుకోటలో నర్సుల హాస్టల్ పని అలాగే చేశారు. అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. పెళ్లాం లేకుండా ఒక్క పూట ఉండలేడని నర్సులు మాత్రం నవ్వుకున్నారు.

మొగుళ్లపల్లి నుంచి ఇక్కడికి రోజూ స్కూటీ మీద వస్తారు. నడిపేది ఆమే. అడిగినవాళ్లకు నడుం నొప్పి అని చెప్తాడు అతను. నిజానికి నడుం నొప్పి ఆమెకు. పొద్దున లేచి, వంట చేసి, తొమ్మిదో తరగతి చదివే కూతురికి అన్నం డబ్బా కట్టి, గిన్నెలు తోమి, మొగుడి షుగర్ గోలీలు చేతిలో పెట్టి బయల్దేరేసరికే ఒంట్లో ఉన్న బలం సగం అయిపోతుంది. మిగిలిన సగంతో స్టూలు ఎక్కి దిగుతుంది.

"ఒకటో నెంబరు ఏ దిక్కు నుంచి?" అంది ఆమె పైనుంచి, మూడు వైర్ల కొసలు చేత్తో పట్టుకుని.

"పూజ చేసిందే ఒకటి. ఇంకేంది?"

బాయిలర్లు దిగిన రోజు, వాటిని బిగించడానికి వచ్చినవాళ్లు కొబ్బరికాయ కొట్టందే నిప్పు ముట్టించం అన్నారట. ఎస్తేరు మేడం చర్చికి వెళ్లే మనిషి. అయినా కాదనలేదు. వంట చేసే కళావతి పసుపు, కుంకుమ, బంతిపూలు తెచ్చి ఈశాన్యం మూల గుమ్మం పక్కనున్న బాయిలరుకు బొట్లు పెట్టింది. కాయ కొట్టారు. తర్వాత మేడం అదే బాయిలరు మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంది. ఆ రోజు నుంచి హాస్టల్లో అందరికీ అదే ఒకటో బాయిలరు. ఎండిన బంతిపూల దండ ఇంకా దాని మెడలోనే ఉంది.

"కాయితంల గట్లనే ఉన్నదా?"

"ఉన్నది. రాత్రి చూసిన."

రాత్రి అతను ట్యూబులైటు కింద ఆ డ్రాయింగ్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పడం ఆమె చూసింది. అంత చిన్న గీతలు, అంకెలు అతనికి కనబడే మాట లేదు.

"జర ఇయ్యి. నేను ఒకసారి చూస్త."

ప్రదీప్ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "చూసిన్నంటున్న గదా. ఇరవై ఏండ్ల సంది చేస్తున్న, నువ్వు నేర్పుతవా నాకు?"

ఇంకా అడిగితే గొడవ అవుతుంది. గొడవ అయితే ఇంటికి పోయేదాకా మాట్లాడడు, అన్నం దగ్గర అలుగుతాడు, మళ్లీ బతిమాలాలి. ఆమెకు అంత ఓపిక లేదు. గుమ్మం పక్కనున్న బాయిలరు సెన్సర్ వైరును డబ్బాలో ఒకటో నెంబరు కింద బిగించింది. నడిమిదాన్ని రెండు కింద, లోపలి మూలదాన్ని మూడు కింద. వైర్లకు నెంబరు తొడుగులు తొడిగింది. కరెంటు వైర్ల పక్కన కాకుండా వేరే పైపులో నుంచి తెచ్చిన వైర్లను మంచిగా కట్టింది. పని చూడటానికి ముచ్చటగానే ఉంది.

కళావతి ఇద్దరికీ స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చింది. పక్క తండా నుంచి వస్తుంది ఆమె. ఫోన్లో కూతురితో వాళ్ల భాషలో ఏదో అరుస్తూ వచ్చి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి గ్లాసులు ఇచ్చింది.

"అక్కా, రేపటి సంది నాకు కట్టెల మోత తప్పుతదా?"

"తప్పుతది."

"అయితే నీకు ఒక రోజు నాటుకోడి కూర" అంది కళావతి. ప్రదీప్ వైపు చూసి, "నీకు గాదన్నా, అక్కకు" అంది. ప్రదీప్ కూడా నవ్వాడు.

మరునాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక చరణ్ జనగామ నుంచి కారులో వచ్చాడు. పని ఒప్పుకున్న కంపెనీ మనిషి. ముప్పై దాటలేదు, కానీ పని తెలిసినవాడు. వస్తూనే షెడ్డంతా ఒకసారి తిరిగి, వైర్లు కట్టిన తీరు చూసి, "మంచిగున్నదన్నా" అన్నాడు. ప్రదీప్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

మొదట ఒక్కొక్క బాయిలరునూ విడివిడిగా నడిపి చూడాలి. పెద్ద గొట్టానికి పోయే వాల్వులు మూసి, చరణ్ డబ్బాలో ఒకటో నెంబరును నడవమన్నాడు. లోపలి మూలనున్న బాయిలరు భగ్గున వెలిగింది.

సుమలత దాన్ని చూసింది. వెలగాల్సింది గుమ్మం పక్కది కదా? చరణ్ ముఖంలో ఆశ్చర్యం లేదు. బర్నర్లు బిగించినవాళ్లు వేరే లెక్క పెట్టుకున్నారేమో, డబ్బాలో ఏదైనా వంతు మార్పు ఉందేమో. అడుగుదామనుకుని ప్రదీప్ వైపు చూసింది. అతను చప్పుడు విని తృప్తిగా తల ఊపుతున్నాడు, వెలిగింది ఏదో అతనికి తెలియదు. ఇప్పుడు అందరి ముందు అడిగితే అతని పరువు పోతుంది. ఆమె ఊరుకుంది.

డబ్బా మీద ఒకటో నెంబరు వేడి కదలడం లేదు. మంట హోరు పెరుగుతోంది, అంకె మాత్రం చన్నీళ్ల దగ్గరే ఆగి ఉంది.

"ఏందన్నా, సెన్సర్ లోపటి దాక దూర్చలేదా?" అన్నాడు చరణ్.

"దూర్చిన సార్. పేస్టు గూడ పెట్టిన."

చరణ్ ఇంకొక్క క్షణం అంకె వైపు చూసి, చటుక్కున చెయ్యి చాచి దాన్ని ఆపేశాడు. ఆపుతుండగానే లోపలి మూల బాయిలరు పైనున్న సేఫ్టీ వాల్వు ఎగిరింది. కుక్కరు విజిలుకు పదింతలు చప్పుడు. దాని గొట్టం షెడ్డు వెనక్కి, గిన్నెలు తోమే తొట్టి దగ్గరికి తెరుచుకుని ఉంది. అటు నుంచి కళావతి కేక వినిపించింది.

అందరూ పరుగెత్తారు. కళావతి తొట్టి గట్టు మీద కూర్చుని కాలు పట్టుకుంది. మడమ మీద, పాదం మీద చర్మం ఎర్రగా కందిపోయింది. అప్పటికే ఎస్తేరు మేడం చెంబులతో చన్నీళ్లు పోస్తోంది.

"ఇప్పుడే ఇద్దరు పిల్లలు ఈడ ప్లేట్లు కడిగి పోయిన్రు" అంది మేడం. "పిల్లల మీద పడితే నేను తల్లిదండ్రులకు ఏం చెప్పాలె? ఏందయ్యా ఇది?"

చరణ్ మొదట వాల్వు గొట్టం కొసకు డ్రమ్ము అడ్డం పెట్టించాడు. తర్వాత షెడ్డులోకి వచ్చి, గుమ్మం పక్కనున్న బాయిలరు సెన్సరును బయటికి తీసి గుప్పిట్లో పట్టుకుని, సుమలతను డబ్బా చూడమన్నాడు.

"ఏ నెంబరు పెరుగుతున్నదక్కా?"

"ఒకటి" అంది సుమలత.

"డ్రాయింగుల ఒకటంటే ఆ లోపటి మూలది. గుమ్మం పక్కది మూడు. మీరు తిరగేసిండ్రు. మంటేమో దాంట్ల, వేడి చూసేదేమో దీంట్ల. ఇంక అది ఆగుతదా?" చరణ్ గొంతు పెంచలేదు. "అన్నా, ఇరవై ఏండ్ల అనుభవం నీకు. గిదేంది?"

ప్రదీప్ ముఖం తుడుచుకున్నాడు. "నేను మంచిగనే చెప్పిన సార్. మా ఆమెనే వైర్లు అందిచ్చేటప్పుడు అటుదిటు ఇచ్చింది. ఆడోళ్లకు ఏం తెలుస్తది?"

సుమలత అతని వైపు చూడలేదు. గోడకు ఆనుకుని నిలబడింది. పొద్దుటి నుంచి కూర్చోలేదు ఆమె. అతనలా అనక తప్పదని ఆమెకు తెలుసు. తాను కూడా కావాలంటే 'అవును సార్, నాదే తప్పు' అని అనగలదు. లోగడ ఒకటి రెండుసార్లు అన్నది కూడా. కానీ అప్పుడు ఎవరి కాలూ కాలలేదు.

"సరే, ఎవరిదైతే ఏంది. నా ముంగటనే మార్చు" అన్నాడు చరణ్. "ఒకటి తీసి మూడుల పెట్టు, మూడు తీసి ఒకట్ల పెట్టు."

ప్రదీప్ స్క్రూ డ్రైవర్ తీసుకుని డబ్బా ముందుకు వెళ్లాడు. తలుపు తెరిచాడు. లోపల రెండు వరుసలు. పైవరుస బర్నర్లకు పోయే కరెంటు. కింది వరుస సెన్సర్లవి, వాటిలో కరెంటు ఉండీ లేనట్టే. మెయిన్ స్విచ్ ఇంకా ఆపలేదు. దాని పక్కన ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. చూపున్న ఎవడైనా ముందు ఆ దీపం చూస్తాడు. ప్రదీప్ ఎడమచేతి వేళ్లతో తడుముకుంటూ వరుస లెక్కపెట్టాడు. పైవరుసనే కింది వరుస అనుకున్నాడు. స్క్రూ డ్రైవరును వట్టి చేత్తో, పట్టు కోసం ఇనుప మొన దగ్గరగా పట్టుకుని ముందుకు తెచ్చాడు.

సుమలత ఒక్క ఉదుటున వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. వెనక్కి లాగింది. స్క్రూ డ్రైవర్ కింద పడింది.

"ఏందే?" అన్నాడు ప్రదీప్ కోపంగా.

ఆమె అతని చెయ్యి వదలలేదు. "ఆయనకు కండ్లు కనబడయి సార్" అంది చరణ్‌తో. "షుగర్ తోని పోయినయి. వైరింగంతా నేనే చేసిన. ఒకటి ఏదో నాకు తెల్వక ఆయనను అడిగిన. కాయితం చదవక ఆయన చెప్పిండు, నేను పెట్టిన."

చరణ్ మొదట మెయిన్ స్విచ్ కట్టేశాడు. ఎర్ర దీపం ఆరింది. ప్రదీప్ భార్య చేతిలో నుంచి తన చెయ్యి విడిపించుకుని, గోడ పట్టుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. ఇంక దాచాల్సిన అవసరం లేక కాబోలు, ఈసారి అతను కాలితో గడప వెతుక్కున్నాడు. అందరూ చూశారు.

"ఎన్ని రోజుల సంది?" అన్నాడు చరణ్.

"ఏడాది."

"మానుకోట పని?"

"నేనే చేసిన."

"అది నడుస్తనే ఉన్నది" అన్నాడతను, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. తర్వాత ఒక్కసారిగా కోపం వచ్చింది. "చెప్పొద్దా అక్కా నాకు? ఇండ్లల్ల బల్బులు పెట్టుడు గాదు ఇది. పిల్లలుండే జాగ. ఆయన చెయ్యి ఇప్పుడు ఆడ తాకితే మనిషి దక్కుతుండెనా?"

"చెప్తే పని ఇస్తుంటివా సార్?"

చరణ్ కారులో నుంచి ఇంకొక డ్రాయింగ్ ప్రతి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "చదువు" అన్నాడు.

ఆమె ఇంటర్ దాకా చదివింది. వేలు పెట్టి ఒక్కొక్క గీత వెంట పోతూ, ఏ సెన్సర్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పింది. ఒకచోట తప్పింది, ఉమ్మడి గొట్టం సెన్సరును ట్యాంకు సెన్సర్ అనుకుంది. చరణ్ దిద్దాడు. తర్వాత వైర్లు విప్పి, నెంబరు తొడుగులు మార్చి మళ్లీ బిగించింది. ప్రతి స్క్రూ బిగించాక అతను వైరు లాగి చూశాడు. ఆమె బ్లౌజు చెమటతో తడిసి వీపుకు అతుక్కుంది. ఒంట్లో నుంచి అప్పుడప్పుడు ఊరికే ఆవిరి కమ్ముకొచ్చే వయసు ఆమెది. ఆ షెడ్డు వేడి ఏదో, తన వేడి ఏదో తెలియలేదు.

ఈసారి ఒకటో నెంబరు వెలిగితే ఒకటో అంకె పెరిగింది. చెప్పిన చోట ఆగింది. రెండు, మూడు కూడా అంతే. వాల్వులు తెరిచి మూడింటినీ కలిపి నడిపారు. ముందు ఒకటి మొదలైంది, చాలలేదని రెండు అందుకుంది, ట్యాంకు వేడెక్కాక రెండూ ఆరాయి. సాయంత్రానికి బాత్రూముల్లో నల్లా తిప్పితే పొగలు కక్కే నీళ్లు వచ్చాయి. పిల్లల కేకలు షెడ్డు దాకా వినిపించాయి. సుమలతకు ఎక్కడైనా కాళ్లు చాపుకుని కూర్చోవాలని మాత్రమే అనిపించింది.

కళావతి కాలికి మందు పూసుకుని వంటశాల గడప మీద కూర్చుని ఉంది. సుమలత వెళ్లి పక్కన కూర్చుంది.

"జర మండుతున్నది, అంతే" అంది కళావతి. "అయినా తప్పు నాదే అక్కా. బొట్టు పోయి పోయి గుమ్మం పక్కదానికి పెట్టిన. ఆ మూలదానికి పెట్టి ఉంటే ఇంత పరేషాన్ లేకుండె."

సుమలత నవ్వబోయింది. నవ్వు బదులు కళ్ల నీళ్లు వచ్చాయి. కళావతి చూడనట్టు ముఖం తిప్పుకుని, "ఊకో. నాటుకోడి బాకీ ఇగ నేనియ్య, నువ్వే తేవాలె నాకు" అంది.

వెళ్లేముందు ఎస్తేరు మేడం సుమలతను పిలిచింది. "నువ్వు మంచిదానివే, కాదనను. కానీ ఇట్ల దాచిపెట్టి నా పిల్లల దగ్గర పని చెయ్యొద్దు" అంది. సుమలత తల ఊపింది.

ప్రదీప్ ఎండుకట్టెల మోపుల దగ్గర కూర్చుని ఉన్నాడు. స్కూటీ చప్పుడు వినగానే లేచి వచ్చి వెనక కూర్చున్నాడు. స్కూటీ రేగొండ క్రాసు దాటింది.

"చెయ్యి పట్టుకుంటివి. పట్టుకుంటే సాలు గదా" అన్నాడు అప్పుడు. "నోరెందుకు తెరిచినవ్?"

"తెరవకపోతే మళ్ల ఆడ చెయ్యి పెడుతుంటివి."

"పెట్టకపోతుంటి."

"పెడుతుంటివి. నువ్వు ఆగే మనిషివా?"

పత్తి లోడుతో పోతున్న ట్రాక్టరును దాటడానికి ఆమె హారను కొట్టింది. అది పక్కకు జరగలేదు. దాని వెనకనే నెమ్మదిగా నడిపింది.

"అందరి ముంగట గుడ్డోన్ని చేసినవ్."

"అందరి ముంగట తప్పు నా మీద ఏసినవ్ గదా, నేనేమన్న అన్ననా?"

"ఏమనాలె మరి నేను?"

"ఏమనకుంటే అయిపోతుండె."

అతను ఆమె భుజం మీద నుంచి చెయ్యి తీసేసి, సీటు వెనక కమ్మీ పట్టుకున్నాడు. గుంతలు వచ్చిన ప్రతిచోటా ముందే తెలియక ఎగిరి పడుతున్నాడు. ఆమె ఎప్పటిలాగే 'గుంత' అని ముందుగా చెప్పడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. ప్రదీప్ గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిల్ల ఏమైందమ్మా అంటే, ఏం లేదు, బాపుకు ఒంట్లో బాగలేదు అని సుమలత చెప్పేది. ఎవరో ఫ్యాను పని ఉందని ఫోను చేస్తే, వేరేటోన్ని చూసుకోండ్రి అని పెట్టేశాడు. ఆ మాట ఎంత కష్టంగా అన్నాడో ఆమెకు తెలుసు. వెళ్లి పక్కన కూర్చుందామనుకుంది, కానీ పొయ్యి మీద పాలున్నాయి.

వారం కాకముందే చరణ్ ఫోన్ చేశాడు. ప్రదీప్ ఫోనుకే వచ్చింది. కాసేపు విని, "నీకే" అని ఆమె ముందు పెట్టాడు.

జనగామలో ఒక దవాఖాన కట్టిస్తున్నారు. అక్కడ రెండు బాయిలర్ల పని. లైసెన్సు ఉన్న మనిషి ఒకరు తనిఖీ చేసి సంతకం పెడతారు, వైరింగ్ ఆమె చేయాలి. ఈలోపు వైర్‌మన్ పర్మిట్ పరీక్షకు కట్టాలి. "అన్న రావాలంటే రావచ్చు, పైపులు వేయడానికి, వైర్లు లాగడానికి. కాని ప్యానెల్ దగ్గరికి మాత్రం రావొద్దు. అది ఒప్పుకుంటేనే" అన్నాడు చరణ్.

ఆమె ఆ మాటలే దాచకుండా భర్తకు చెప్పింది.

"అంటే హెల్పర్" అన్నాడు ప్రదీప్.

"నేను ఏడాది చేసిన."

"నువ్వు చేస్తే ఎవ్వలు నవ్వలే. నేను చేస్తే నవ్వుతరు."

అది నిజమే. కాసేపటికి అతనే, "నేను రాను. నువ్వు పో" అన్నాడు. అందులో కోపం ఉందో, ఒప్పుకోలు ఉందో తెలియలేదు. పో అన్నాడు, అంతవరకు చాలు అనుకుంది.

సోమవారం పొద్దున మొదటి బస్సుకు ఆమె తయారయ్యేసరికి వంటింట్లో చప్పుడైంది. ప్రదీప్ కుక్కరు గిన్నె ముందు కూర్చుని బియ్యం కడుగుతున్నాడు. నీళ్లు సగం నేల మీద ఉన్నాయి. అతను పొయ్యి దగ్గర పని చేయడం పెళ్లయ్యాక ఆమె చూడలేదు.

"నీళ్లెన్ని పొయ్యాలె?" అన్నాడు తల ఎత్తకుండా.

ఆమె చెప్పులు విడిచి లోపలికి పోబోయింది. తాను చేస్తే రెండు నిమిషాల పని. బస్సు పోతే ఇంకో గంట దాకా లేదు.

"వేలు పెట్టి చూడు. బియ్యం మీద ఒక గణుపు మునగాలె."

"ఏ వేలు?"

"చూపుడు వేలు."

అతను వేలు పెట్టాడు. చెంబుతో ఇంకొన్ని పోశాడు. మళ్లీ పెట్టాడు.

"స్టవ్ నువ్వు ముట్టియ్యకు. పిల్లను లేపు, అది ముట్టిస్తది" అంది గడపలో నుంచి.

"నాకు తెల్వదా? నువ్వు పో ఇగ. బస్సు పోతది."

అలసటతోనే నడిచింది బస్టాండు దాకా. పిల్ల లేస్తుందో లేదో, మూత సరిగ్గా పడుతుందో లేదో అని దారంతా అనుకుంది. హన్మకొండ బస్సు వచ్చింది, అక్కడ దిగి జనగామ బస్సు ఎక్కాలి. కిటికీ పక్కన సీటు దొరికింది. ఫోను ఒకసారి చూసుకుని ఒళ్లో పెట్టుకుంది, మోగలేదు. ఊరు దాటకముందే తల కిటికీ కమ్మీకి ఆనింది. టికెట్ కోసం కండక్టరు రెండుసార్లు భుజం తట్టి లేపాల్సి వచ్చింది.